స్పందించని సర్వర్: లోపాన్ని కనుగొనే పద్ధతి

విషయక్రమం

14.0 లక్ష్యాలు
14.1 పరిచయం
14.2 కనెక్షన్ ఏర్పడే తీరు
14.3 తిరస్కరణలో నాలుగు రకాలు
14.4 పింగ్ చెప్పేది, చెప్పనిది
14.5 సర్వర్ లోపల చూడవలసినవి
14.6 రీస్టార్ట్‌కు ముందు చేయవలసిన పనులు
14.7 రెండు వాస్తవ సంఘటనలు
14.8 సాధించిన ఉదాహరణ
14.9 సారాంశం
14.10 ముఖ్య పదాలు
14.11 ప్రగతి ప్రశ్నలకు సమాధానాలు
14.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

14.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

• కనెక్షన్ విఫలమైన తీరును బట్టి లోపం ఎక్కడ ఉండవచ్చో ఊహించగలుగుతారు.
• పింగ్‌కు జవాబిచ్చే సర్వర్ కూడా పనిచేయకుండా ఎందుకు ఉండగలదో వివరించగలుగుతారు.
• మెమరీ, డిస్క్, ప్రాసెసర్, కనెక్షన్ పరిమితులను వరుసగా పరిశీలించగలుగుతారు.
• రీస్టార్ట్ చేయడానికి ముందు ఏ సమాచారాన్ని భద్రపరచాలో చెప్పగలుగుతారు.

14.1 పరిచయం

"సర్వర్ హ్యాంగ్ అయింది, రేపు రండి" అనే మాటను మీరు బ్యాంకులోనో, మీసేవ కేంద్రంలోనో వినే ఉంటారు. వరుసలో నిలబడినవారికి ఆ మాట చాలు, ఇంటికి వెళ్ళిపోతారు. సర్వర్‌ను నిర్వహించే వ్యక్తికి మాత్రం ఆ మాట చాలదు. జ్వరం వచ్చిందని చెప్పినంత మాత్రాన వైద్యుడికి జబ్బు తెలియదు. మలేరియా, టైఫాయిడ్, మామూలు జలుబు మూడింటిలోనూ ఒళ్ళు వేడెక్కుతుంది. అలాగే "హ్యాంగ్ అయింది" అనేది లక్షణం మాత్రమే. దాని వెనుక పది రకాల కారణాలు ఉండవచ్చు.

ఇటువంటి సమయంలో ఎక్కువమంది చేసే పని రీస్టార్ట్. చాలాసార్లు దానితో సర్వర్ మళ్ళీ పనిచేస్తుంది. కాని ఆ క్షణంలో మెమరీలో ఉన్న సమాచారమంతా పోతుంది. ఏ ప్రోగ్రామ్ ఎక్కడ ఆగింది, ఎన్ని కనెక్షన్లు ఏ స్థితిలో ఉన్నాయి, ఏ వనరు అయిపోయింది అనే ప్రశ్నలకు ఇక జవాబు దొరకదు. లోపం అక్కడే ఉంటుంది కనుక సర్వర్ మళ్ళీ ఆగుతుంది. ఎక్కువ మంది వాడుతున్న రోజునే, అంటే ఫలితాలు విడుదలైన రోజునో, ఫీజు చెల్లింపు చివరి రోజునో ఆగడానికి అవకాశం ఎక్కువ. అందుకే ఈ భాగంలో మీరు నేర్చుకోవలసిన ముఖ్య విషయం ఒకటే: సర్వర్ మొరాయించిన తీరే మొదటి సాక్ష్యం; దానిని చెరిపివేయక ముందే చదవాలి.

ఇక్కడి వివరణ అంతా లినక్స్ సర్వర్‌ను దృష్టిలో ఉంచుకొని రాసినది.

గమనిక: కమాండ్ల పేర్లను పలికే తీరులో తెలుగు లిపిలో ఇచ్చాం. ప్రయోగశాలలో వాటిని ఇంగ్లీషు అక్షరాలలో టైపు చేయాలి.

14.2 కనెక్షన్ ఏర్పడే తీరు

టీసీపీ కనెక్షన్ మూడు అంచెలలో ఏర్పడుతుందని మీరు ఇదివరకే చదివారు. క్లయింట్ "సిన్" ప్యాకెట్ పంపుతుంది. సర్వర్ "సిన్-ఆక్" ప్యాకెట్‌తో జవాబిస్తుంది. క్లయింట్ "ఆక్" పంపుతుంది. దీనితో కనెక్షన్ పూర్తవుతుంది.

ఈ మూడు అంచెలనూ సర్వర్ వైపున నడిపేది ఎవరు? వెబ్ సర్వర్ ప్రోగ్రామ్ అని చాలామంది విద్యార్థులు రాస్తారు. అది సరికాదు. వీటిని నడిపేది ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్. ప్రోగ్రామ్ ఒక పోర్టు దగ్గర "వింటున్నాను" అని కెర్నెల్‌కు ముందే చెప్పి ఉంచుతుంది. వచ్చిన కనెక్షన్లను కెర్నెల్ పూర్తిచేసి ఒక వరుసలో నిలబెడుతుంది. ప్రోగ్రామ్ ఆ వరుసలో నుంచి ఒక్కొక్క కనెక్షన్‌ను తీసుకుంటుంది. ఈ వరుసను స్వీకరణ క్యూ అంటారు.

బ్యాంకును ఉదాహరణగా తీసుకోండి. తలుపు దగ్గర టోకెన్ యంత్రం ఉంటుంది. లోపల కౌంటరులో గుమాస్తా ఉంటాడు. గుమాస్తా భోజనానికి వెళ్ళినా టోకెన్ యంత్రం టోకెన్లు ఇస్తూనే ఉంటుంది. మీ చేతికి టోకెన్ వచ్చిందంటే యంత్రం పనిచేస్తోందని అర్థం. గుమాస్తా ఉన్నాడని కాదు. ఇక్కడ టోకెన్ యంత్రం కెర్నెల్, గుమాస్తా ప్రోగ్రామ్. ఈ తేడా అర్థమైతే ఈ భాగంలో సగం అర్థమైనట్లే.

స్వీకరణ క్యూకు ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది. ప్రోగ్రామ్ ఎంత అడిగినా కెర్నెల్ తన పరిమితికి మించి ఇవ్వదు. లినక్స్‌లో ఈ పరిమితి చాలాకాలం 128గా ఉండేది; 5.4 వెర్షన్ నుంచి దీనిని 4096కు పెంచారు. క్యూ నిండిపోతే, సాధారణ అమరికలో లినక్స్ కొత్తవారికి "ఖాళీ లేదు" అని చెప్పదు. వారి ప్యాకెట్లను మౌనంగా వదిలేస్తుంది. కాసేపటికి క్లయింట్ మళ్ళీ ప్రయత్నిస్తుందనీ, ఈలోగా క్యూలో చోటు దొరకవచ్చనీ దీని వెనుక ఉన్న ఆలోచన.

దీనికి ముందు, మూడవ అంచె కోసం ఎదురుచూసే సగం కనెక్షన్లకు ఇంకొక క్యూ ఉంటుంది. "సిన్" పంపి ఆ తరువాత మాట్లాడకుండా ఊరుకుంటే ఆ క్యూ నిండుతుంది. 1996 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని పానిక్స్ అనే ఇంటర్నెట్ సేవా సంస్థ మీద ఇదే పద్ధతిలో దాడి జరిగింది. దొంగ చిరునామాలతో "సిన్" ప్యాకెట్లు వరదలా రావడంతో అసలు వినియోగదారులకు చోటు లేకుండా పోయింది. దీనికి విరుగుడుగా అదే ఏడాది డి.జె. బెర్న్‌స్టీన్ "సిన్ కుకీలు" అనే పద్ధతిని ప్రతిపాదించాడు. ఇందులో సగం కనెక్షన్ వివరాలను సర్వర్ దాచుకోదు. వాటిని జవాబు ప్యాకెట్ వరుస సంఖ్యలోనే ఇమిడ్చి పంపుతుంది. నేటి లినక్స్ సర్వర్లలో ఈ సౌకర్యం ఉంది.

14.3 తిరస్కరణలో నాలుగు రకాలు

వేరొక కంప్యూటర్ నుంచి సర్వర్‌కు కనెక్ట్ కావడానికి ప్రయత్నించండి. ఏమి జరిగిందో, ఎంతసేపట్లో జరిగిందో రాసుకోండి. సమయం ఇక్కడ చాలా ముఖ్యం.

(అ) వెంటనే "కనెక్షన్ రిఫ్యూజ్డ్" అని రావడం. సర్వర్ కెర్నెల్ "రీసెట్" ప్యాకెట్ పంపింది. అంటే యంత్రం నడుస్తోంది, నెట్‌వర్క్ బాగుంది. ఆ పోర్టు దగ్గర వినే ప్రోగ్రామ్ లేదు. ప్రోగ్రామ్ కూలిపోయి ఉండవచ్చు, వేరే పోర్టులో నడుస్తూ ఉండవచ్చు, లేదా సర్వర్ లోపలి చిరునామా (127.0.0.1) దగ్గర మాత్రమే వింటూ ఉండవచ్చు. కొన్ని ఫైర్‌వాల్‌లు కూడా ఇటువంటి జవాబు పంపేలా అమర్చి ఉంటాయని గుర్తుంచుకోండి.

(ఆ) చాలాసేపు ఎదురుచూసిన తరువాత "టైమ్ అవుట్" రావడం. జవాబే రాలేదు. క్లయింట్ మొదటి ప్రయత్నం తరువాత 1, 3, 7, 15, 31, 63 సెకన్ల దగ్గర మళ్ళీ ప్రయత్నించి, 127 సెకన్లకు విరమించుకోవడం లినక్స్‌లో చాలాకాలం పాటు ఉండిన పద్ధతి. కారణాలు మూడు రకాలు: దారిలోని ఫైర్‌వాల్ ప్యాకెట్లను మింగేస్తోంది, సర్వర్ క్యూ నిండిపోయింది, లేదా కెర్నెల్ కూడా ఆగిపోయింది.

(ఇ) రెండు మూడు సెకన్లలో "నో రూట్ టు హోస్ట్" రావడం. క్లయింట్, సర్వర్ ఒకే స్థానిక నెట్‌వర్క్‌లో ఉంటే, ఆ చిరునామా గల యంత్రం ఎవరిదని అడిగినా ఎవరూ పలకలేదని దీని అర్థం. యంత్రం ఆగిపోయిందా, కేబుల్ ఊడిందా, స్విచ్ పోర్టు పోయిందా అని చూడాలి. కొన్ని ఫైర్‌వాల్‌ల తిరస్కరణ కూడా ఈ రూపంలోనే కనబడుతుంది.

(ఈ) కనెక్షన్ ఏర్పడి, ఆ తరువాత ఏమీ రాకపోవడం. టోకెన్ దొరికింది, గుమాస్తా లేడు. కెర్నెల్ బాగానే ఉంది. ప్రోగ్రామ్ ఎక్కడో ఆగిపోయింది. డేటాబేస్ జవాబు కోసమో, డిస్క్ కోసమో, వేరొక సర్వర్ కోసమో ఎదురుచూస్తూ ఉండవచ్చు.

పని ఒత్తిడిలో ఈ నాలుగింటినీ కలిపి "కనెక్ట్ కావడం లేదు" అని రాసేస్తుంటారు. అలా రాసిన ఫిర్యాదుతో ఎవరూ ఏమీ చేయలేరు. ఏ రకమో ఒక్క మాటలో రాస్తే వెతకవలసిన చోటు బాగా తగ్గుతుంది.

14.4 పింగ్ చెప్పేది, చెప్పనిది

పింగ్ ప్రోగ్రామ్‌ను మైక్ మూస్ 1983 డిసెంబరులో రాశాడు. నేటికీ అందరూ మొదట వాడేది దానినే. అయితే దాని జవాబును తప్పుగా అర్థం చేసుకోవడం కూడా సాధారణమే.

పింగ్‌కు జవాబిచ్చేది కెర్నెల్. దానికి ఏ ప్రోగ్రామ్ సహాయమూ అక్కరలేదు. కనుక డేటాబేస్, వెబ్ సర్వర్, లాగిన్ సేవ అన్నీ ఆగిపోయినా పింగ్‌కు చక్కగా జవాబు రావచ్చు. "పింగ్ వస్తోంది కాబట్టి సర్వర్ బాగుంది" అనడం తప్పు. యంత్రానికి విద్యుత్తు ఉంది, నెట్‌వర్క్ కార్డు పనిచేస్తోంది, కెర్నెల్ కనీసం అంతవరకు నడుస్తోంది అన్నది మాత్రమే దాని నుంచి తెలుస్తుంది.

దీనికి వ్యతిరేక సూత్రం కూడా గుర్తుంచుకోండి. పింగ్ రాలేదంటే సర్వర్ పోయిందని కాదు. అనేక సంస్థలు భద్రత కోసం పింగ్‌ను ఫైర్‌వాల్ దగ్గరే ఆపుతాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1

గమనిక: మీ సమాధానాలను ఈ భాగం చివర ఇచ్చిన సమాధానాలతో సరిచూసుకోండి.

1. పింగ్‌కు జవాబు వస్తోంది. 443 పోర్టుకు కనెక్ట్ కాబోతే వెంటనే "రిఫ్యూజ్డ్" అని వస్తోంది. లోపం ఎక్కడ ఉండవచ్చు?
2. స్వీకరణ క్యూ నిండినప్పుడు క్లయింట్‌కు ఏ రకమైన వైఫల్యం కనబడుతుంది?

14.5 సర్వర్ లోపల చూడవలసినవి

బయటి పరిశీలన పూర్తయ్యాక సర్వర్‌లోకి లాగిన్ కండి. నెట్‌వర్క్ ద్వారా లాగిన్ కాలేకపోతే, యంత్రం దగ్గరి కన్సోల్ నుంచి లేదా దూరం నుంచి కన్సోల్‌ను చూపే నిర్వహణ కార్డు ద్వారా ప్రయత్నించండి. లాగిన్‌కు పట్టిన సమయం కూడా ఒక సాక్ష్యమే.

14.5.1 మెమరీ: "ఫ్రీ" కమాండ్ ఇచ్చినప్పుడు "ఫ్రీ" అనే గడిలో తక్కువ అంకె కనబడితే కంగారుపడనక్కరలేదు. ఖాళీగా ఉన్న మెమరీని లినక్స్ డిస్క్ కాష్‌గా వాడుకుంటుంది. అవసరమైతే తిరిగి ఇస్తుంది. చూడవలసింది "అవైలబుల్" గడి. అది దాదాపు సున్నాకు వస్తే సమస్యే. అప్పుడు కెర్నెల్ కొన్ని పేజీలను డిస్క్ మీది స్వాప్‌కు పంపి, కావలసినవాటిని వెనక్కు తెస్తుంది. మెమరీని చేరడానికి సుమారు 100 నానోసెకన్లు పడితే, తిరిగే డిస్క్‌ను చేరడానికి సుమారు 10 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే లక్ష రెట్ల తేడా. యంత్రం తన సమయమంతా పేజీలను అటూ ఇటూ మోయడానికే వెచ్చించే ఈ స్థితిని థ్రాషింగ్ అంటారు. పీటర్ డెనింగ్ 1968లోనే దీని కారణాలను వివరించాడు. "వీఎం స్టాట్" కమాండ్‌లో "ఎస్‌ఐ", "ఎస్‌ఓ" గడులు ఎడతెగకుండా పెద్ద అంకెలు చూపితే ఇదే స్థితి అని గుర్తించండి.

మెమరీ పూర్తిగా అయిపోతే కెర్నెల్ ఒక ప్రాసెస్‌ను ఎంచుకొని చంపేస్తుంది. సాధారణంగా ఎక్కువ మెమరీ వాడుతున్నదే బలి అవుతుంది. అది మీ డేటాబేస్ కావచ్చు. "డి మెసేజ్" కమాండ్‌లో "అవుట్ ఆఫ్ మెమరీ" అనే వరుస ఉందేమో చూడండి.

14.5.2 డిస్క్: "డి ఎఫ్" కమాండ్‌తో ఖాళీ స్థలం చూడండి. స్థలం ఉన్నా కొత్త ఫైళ్ళు తయారు కాకపోతే ఐనోడ్‌లు అయిపోయి ఉండవచ్చు. చిన్న చిన్న ఫైళ్ళు లక్షలలో ఉన్నచోట ఇది జరుగుతుంది. "డి ఎఫ్"కు "ఐ" ఎంపిక జోడిస్తే వాటి లెక్క తెలుస్తుంది. ఇంకొక చిక్కు: పెద్ద లాగ్ ఫైల్‌ను చెరిపినా స్థలం తిరిగి రాకపోవడం. ఆ ఫైల్‌ను ఏదైనా ప్రోగ్రామ్ ఇంకా తెరిచి ఉంచితే స్థలం విడుదల కాదు. "ఎల్ ఎస్ ఓ ఎఫ్" కమాండ్ అటువంటి ఫైళ్ళను చూపుతుంది.

డిస్క్ చెడిపోతున్నప్పుడు గాని, నెట్‌వర్క్ మీది నిల్వ అందనప్పుడు గాని ప్రాసెస్‌లు "డి" అనే స్థితిలోకి వెళతాయి. ఇది మధ్యలో లేపడానికి వీలులేని నిద్ర. వాటిలో చాలావాటిని చంపే కమాండ్ ఇచ్చినా చావవు. 120 సెకన్లకు మించి ఒక ప్రాసెస్ ఇలా ఉంటే, చాలా లినక్స్ పంపిణీలలో కెర్నెల్ లాగ్‌లో హెచ్చరిక వస్తుంది.

14.5.3 ప్రాసెసర్: "టాప్" కమాండ్ చూపే లోడ్ సగటును జాగ్రత్తగా చదవాలి. లినక్స్‌లో ఈ సగటులో ప్రాసెసర్ కోసం ఎదురుచూసేవే కాక, పైన చెప్పిన "డి" స్థితిలో ఉన్నవి కూడా కలుస్తాయి. కనుక లోడ్ 200 ఉండి, ప్రాసెసర్ 95 శాతం ఖాళీగా ఉండటం సాధ్యమే. అటువంటప్పుడు కొత్త ప్రాసెసర్ కొనడం వల్ల ప్రయోజనం లేదు. నిల్వ వైపు చూడాలి.

14.5.4 సంఖ్యా పరిమితులు: మెమరీ, డిస్క్, ప్రాసెసర్ మూడూ బాగున్నా సర్వర్ కనెక్షన్లను నిరాకరిస్తోందంటే, ఏదో ఒక సంఖ్యా పరిమితి నిండి ఉండవచ్చు. కొత్త నిర్వాహకులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఎందుకంటే "టాప్" తెరమీద అంతా ప్రశాంతంగా కనబడుతుంది. ముఖ్యంగా మూడు పరిమితులు చూడండి.

మొదటిది, ఫైల్ డిస్క్రిప్టర్ల పరిమితి. తెరిచిన ప్రతి ఫైల్‌కు, ప్రతి కనెక్షన్‌కు ఒక డిస్క్రిప్టర్ కావాలి. సాధారణంగా ఒక ప్రాసెస్‌కు మొదటి పరిమితి 1024. అది నిండితే ప్రోగ్రామ్ క్యూలోని కనెక్షన్లను తీసుకోలేదు. లాగ్‌లో "టూ మెనీ ఓపెన్ ఫైల్స్" అని వస్తుంది.

రెండవది, తాత్కాలిక పోర్టుల సంఖ్య. మన సర్వర్ వేరొక సర్వర్‌కు క్లయింట్‌గా వెళ్ళినప్పుడు దానికి ఒక తాత్కాలిక పోర్టు కావాలి. లినక్స్‌లో సాధారణ పరిధి 32768 నుంచి 60999 వరకు, అంటే 28,232 పోర్టులు. కనెక్షన్‌ను ముందుగా ముగించిన పక్షం దగ్గర అది 60 సెకన్లపాటు "టైమ్-వెయిట్" స్థితిలో ఉంటుంది. కనుక ఒకే డేటాబేస్ చిరునామాకు సెకనుకు సుమారు 470 కన్నా ఎక్కువ కొత్త కనెక్షన్లు తెరిచి మూస్తూ పోతే పోర్టులు అయిపోవచ్చు. తెరిచిన కనెక్షన్లనే మళ్ళీ మళ్ళీ వాడుకోవడం దీనికి పరిష్కారం.

మూడవది, ఫైర్‌వాల్ ఉంచుకునే కనెక్షన్ల పట్టిక. ఇది నిండితే కెర్నెల్ లాగ్‌లో "టేబుల్ ఫుల్, డ్రాపింగ్ ప్యాకెట్" అని వస్తుంది. పాత కనెక్షన్లు నడుస్తూనే ఉంటాయి. కొత్తవి మాత్రం కుదరవు. ఇదివరకే లాగిన్ అయిన మీకు అంతా బాగున్నట్లు కనబడుతుంది, కొత్తగా వచ్చేవారికి ద్వారం మూసి ఉంటుంది. మాటలు ఆగిపోయిన కనెక్షన్‌ను కూడా ఈ పట్టిక సాధారణ అమరికలో 4,32,000 సెకన్లు, అంటే 5 రోజులు గుర్తుంచుకుంటుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2

3. లోడ్ సగటు చాలా ఎక్కువగా ఉండి, ప్రాసెసర్ ఖాళీగా ఉంటే దేనిని అనుమానించాలి?
4. పాత కనెక్షన్లు పనిచేస్తూ, కొత్తవి మాత్రమే విఫలమైతే చూడవలసిన పట్టిక ఏది?

14.6 రీస్టార్ట్‌కు ముందు చేయవలసిన పనులు

రీస్టార్ట్ చేయకూడదని ఈ పాఠం చెప్పడం లేదు. ఆసుపత్రి సర్వర్ ఆగిపోయి రోగులు ఎదురుచూస్తుంటే గంటసేపు పరిశోధన చేయడం సరికాదు. కాని ఐదు నిమిషాలు వెచ్చించవచ్చు. ఆ ఐదు నిమిషాలలో కింది పనులు చేయండి:

1. సమయం, కనబడిన వైఫల్యం రకం (14.3లోని అ, ఆ, ఇ, ఈ) రాసుకోండి.
2. ప్రాసెస్‌ల జాబితాను, వాటి స్థితులతో సహా, ఒక ఫైల్‌లోకి పంపండి.
3. "ఎస్ ఎస్" కమాండ్‌తో కనెక్షన్ల జాబితాను, క్యూల పొడవులను భద్రపరచండి.
4. "ఫ్రీ", "వీఎం స్టాట్", "డి ఎఫ్" ఫలితాలను భద్రపరచండి.
5. "డి మెసేజ్" పూర్తి పాఠాన్ని భద్రపరచండి.
6. ఈ ఫైళ్ళను వేరొక యంత్రానికి కాపీ చేయండి. డిస్కే చెడి ఉంటే అక్కడ దాచినది దొరకదు.

కన్సోల్ కూడా సరిగా స్పందించకపోతే, ఆల్ట్, సిస్-ఆర్‌క్యూ మీటలను నొక్కిపట్టి "డబ్ల్యు" నొక్కండి. ఇరుక్కున్న ప్రాసెస్‌ల జాబితా తెరమీదకు వస్తుంది. "ఎమ్" నొక్కితే మెమరీ వివరాలు వస్తాయి. ఫోన్‌తో ఆ తెరను ఫొటో తీయండి. తరువాత అదే పద్ధతిలో "ఎస్", "యు", "బి" వరుసగా, మధ్యలో కొన్ని సెకన్లు ఆగుతూ నొక్కితే డిస్క్‌కు రాయవలసినది రాసి, డిస్క్‌లను చదవడానికి మాత్రమే వీలయ్యేలా మార్చి, యంత్రం తిరిగి మొదలవుతుంది. విద్యుత్తు ఆపడం కన్నా ఇది క్షేమకరం. ఈ సౌకర్యాన్ని కొన్ని సర్వర్లలో పరిమితం చేసి ఉంచుతారు. కనుక అవసరం రాకముందే పరీక్షించి చూసుకోవాలి.

ముందే చేసిపెట్టుకోవలసిన ఏర్పాట్లు మరి రెండు. సిస్టమ్ జర్నల్ కొన్ని అమరికలలో మెమరీలోనే ఉంటుంది. దానిని డిస్క్‌కు రాసేలా మార్చండి. అలాగే సిస్-స్టాట్ ప్యాకేజీని పెట్టుకుంటే, సాధారణ అమరికలో ప్రతి 10 నిమిషాలకు ఒకసారి యంత్రం నాడి నమోదవుతుంది. సర్వర్ ఆగిపోయిన తరువాత ఆ లెక్కలే మీకు కథ చెబుతాయి.

14.7 రెండు వాస్తవ సంఘటనలు

2004 సెప్టెంబరు 14 సాయంత్రం, అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా గగనతలాన్ని చూసే లాస్ ఏంజెలెస్ నియంత్రణ కేంద్రంలో విమాన చాలకులతో మాట్లాడే వ్యవస్థ ఆగిపోయింది. దాదాపు 400 విమానాలతో మాట సంబంధం తెగింది. ప్రత్యామ్నాయ వ్యవస్థ కూడా మొదలైన కొద్దిసేపటికే ఆగిపోయింది. కొన్ని విమానాలు ఉండవలసిన కనీస దూరం కన్నా దగ్గరగా వచ్చాయి. అదృష్టవశాత్తు ఏవీ ఢీకొనలేదు.

కారణం ఏమిటి? ఆ వ్యవస్థలోని ఒక గడియారం మిల్లీసెకన్లను 32 బిట్ల సంఖ్యలో లెక్కపెట్టేది. 32 బిట్లలో 429 కోట్ల 49 లక్షల పైచిలుకు విలువలే ఇముడుతాయి. అన్ని మిల్లీసెకన్లు 49.7 రోజులకు పూర్తవుతాయి. ఆ తరువాత లెక్క అయిపోయి వ్యవస్థ ఆగిపోతుంది. ఈ సంగతి నిర్వాహకులకు తెలియనిది కాదు. అందుకే ప్రతి 30 రోజులకు ఒకసారి రీస్టార్ట్ చేయాలని నియమం పెట్టుకున్నారు. ఆసారి ఆ పని జరగలేదు. రీస్టార్ట్‌నే మందుగా వాడితే, ఎప్పుడో ఒకసారి ఆ మందు వేయడం మరచిపోతారు.

రెండవ సంఘటన 2012 జూన్ 30 అర్ధరాత్రిది. మన లెక్కలో జూలై 1 తెల్లవారుజాము 5.30 గంటలు. భూభ్రమణానికి గడియారాలను సరిచేయడానికి ఆ క్షణంలో ప్రపంచమంతటా ఒక సెకను అదనంగా కలిపారు. లినక్స్ కెర్నెల్‌లోని ఒక లోపం వల్ల, సమయం కోసం ఎదురుచూసే ప్రోగ్రామ్‌లు ఎదురుచూడకుండా వెంటవెంటనే మేల్కొని ప్రాసెసర్‌ను పూర్తిగా ఆక్రమించాయి. రెడిట్ వెబ్‌సైట్‌కు అంతరాయం కలిగింది. ఆస్ట్రేలియాలో క్వాంటాస్ విమానయాన సంస్థ చెకిన్ వ్యవస్థ దెబ్బతింది. చాలామంది సర్వర్లను రీస్టార్ట్ చేశారు. పరిశీలించినవారికి తేలినదేమంటే, యంత్రంలోని తేదీని అదే తేదీగా మరొకసారి అమర్చితే చాలు, రీస్టార్ట్ అవసరమే లేదు.

14.8 సాధించిన ఉదాహరణ

ఇప్పుడు నేర్చుకున్నదానిని ఒక ఊహాత్మక సమస్యకు అన్వయిద్దాం. ఒక కళాశాల ప్రవేశాల వెబ్‌సైట్ రోజూ మధ్యాహ్నానికి ఆగిపోతోంది. రీస్టార్ట్ చేస్తే మళ్ళీ నడుస్తోంది. ప్రతి రాత్రీ దానంతట అదే రీస్టార్ట్ అయ్యేలా ఎవరో ఏర్పాటు చేశారు. అయినా మధ్యాహ్నం సమస్య తప్పడం లేదు. దరఖాస్తులకు చివరి తేదీ ఇంకా నాలుగు రోజులుంది.

పరిశీలన 1: పింగ్‌కు జవాబు వస్తోంది. 443 పోర్టుకు "టైమ్ అవుట్" వస్తోంది. కెర్నెల్ నడుస్తోంది, ఫైర్‌వాల్‌నో, నిండిన క్యూనో అనుమానించాలి. ఉదయం పనిచేసింది కనుక ఫైర్‌వాల్ నియమం కారణం కాకపోవచ్చు.

పరిశీలన 2: లాగిన్ వెంటనే అయింది. లోడ్ సగటు 0.3. మెమరీ, డిస్క్ తగినంత ఉన్నాయి. కనుక సంఖ్యా పరిమితుల వైపు వెళ్ళాలి.

పరిశీలన 3: "ఎస్ ఎస్" కమాండ్‌లో, వినే సాకెట్ దగ్గర గరిష్ఠ పరిమితి 128, ప్రస్తుతం ఉన్నవి 129. (పరిమితిని దాటిన తరువాతనే కెర్నెల్ ఆపుతుంది కనుక ఒకటి ఎక్కువగా కనబడుతుంది.) క్యూ నిండింది, ప్రోగ్రామ్ వాటిని తీసుకోవడం లేదు.

పరిశీలన 4: ప్రోగ్రామ్ లాగ్‌లో "టూ మెనీ ఓపెన్ ఫైల్స్" అని ఉంది. తెరిచి ఉన్న డిస్క్రిప్టర్లు 1024. వాటిలో 980 కనెక్షన్లు "క్లోజ్-వెయిట్" స్థితిలో ఉన్నాయి.

"క్లోజ్-వెయిట్" అంటే అవతలి పక్షం కనెక్షన్‌ను ముగించింది, మన ప్రోగ్రామ్ మాత్రం తన వైపు మూయలేదు. ఇది నెట్‌వర్క్ లోపం కాదు. మన ప్రోగ్రామ్‌దే లోపం. ఆ 980 కనెక్షన్లూ ఒకే చిరునామాకు వెళ్ళాయి. అది ఎస్సెమ్మెస్ సేవా సంస్థ సర్వర్. దరఖాస్తు పూర్తయిన తరువాత విద్యార్థి ఫోన్‌కు సందేశం పంపే భాగం ప్రతిసారీ ఒక కనెక్షన్ తెరుస్తోంది, మూయడం లేదు. అంటే ఒక్కొక్క దరఖాస్తుకు ఒక్కొక్క డిస్క్రిప్టర్ పోతోంది. మధ్యాహ్నానికి సుమారు 980 దరఖాస్తులు వస్తున్నాయి. సర్వర్ మధ్యాహ్నమే ఎందుకు ఆగుతోందో ఇప్పుడు స్పష్టమైంది.

పరిమితిని 1024 నుంచి 4096కు పెంచితే ఏమవుతుంది? మామూలు రోజున ఆ రాత్రి రీస్టార్ట్ దాకా నడుస్తుంది. సమస్య తీరినట్లే అనిపిస్తుంది. కాని చివరి తేదీన దరఖాస్తులు ఎన్నో రెట్లు పెరుగుతాయి. ఆ రోజు సర్వర్ ఆగితే నష్టపోయేది యంత్రం కాదు; ఊరి నుంచి నెట్ సెంటరుకు వచ్చి, వంతు కోసం కూర్చున్న విద్యార్థి. సరైన పరిష్కారం సందేశం పంపిన తరువాత కనెక్షన్‌ను మూయడం. ప్రోగ్రామ్‌లో అది ఒకటి రెండు వరుసల మార్పు. ఆ వరుస ఎక్కడ రాయాలో తెలియడానికి పై నాలుగు పరిశీలనలూ అవసరమయ్యాయి. సర్వర్ ఆగినప్పుడు ముందే రీస్టార్ట్ చేసి ఉంటే నాలుగింటిలో ఒక్కటి కూడా మిగిలేది కాదు.

మార్పు చేసిన తరువాత పని అయిపోయిందనుకోవద్దు. మరుసటి రోజు గంటకొకసారి "క్లోజ్-వెయిట్" లెక్క చూడండి. అది పెరగకుండా ఉంటేనే లోపం పోయినట్లు. రాత్రి రీస్టార్ట్‌ను కూడా తొలగించండి. లేకపోతే రేపు రాబోయే ఇంకొక లోపాన్ని అది కప్పిపుచ్చుతుంది.

14.9 సారాంశం

సర్వర్ స్పందించకపోవడం అనేది ఒక లక్షణం. వెంటనే తిరస్కరణ, టైమ్ అవుట్, దారి లేకపోవడం, కనెక్షన్ కుదిరినా జవాబు రాకపోవడం అనే నాలుగు రూపాలు నాలుగు వేర్వేరు దిక్కులను సూచిస్తాయి. కనెక్షన్‌ను, పింగ్ జవాబును నడిపేది కెర్నెల్. సేవను అందించేది ప్రోగ్రామ్. లోపల మెమరీ, డిస్క్, ప్రాసెసర్, సంఖ్యా పరిమితులను వరుసగా చూడాలి. రీస్టార్ట్ అవసరమైనా, దానికి ముందు సాక్ష్యాలను భద్రపరచాలి. కారణం తెలియకుండా చేసే రీస్టార్ట్ లోపాన్ని తొలగించదు, వాయిదా వేస్తుంది.

14.10 ముఖ్య పదాలు

కెర్నెల్: ఆపరేటింగ్ సిస్టమ్‌లోని కీలక భాగం, హార్డ్‌వేర్‌ను, నెట్‌వర్క్‌ను నేరుగా నడిపేది.
స్వీకరణ క్యూ: పూర్తయిన కనెక్షన్లు ప్రోగ్రామ్ కోసం ఎదురుచూసే వరుస.
ఫైల్ డిస్క్రిప్టర్: తెరిచిన ఫైల్‌కు లేదా కనెక్షన్‌కు ప్రాసెస్‌లో ఇచ్చే సంఖ్య.
థ్రాషింగ్: మెమరీ చాలక, యంత్రం ఎక్కువ సమయాన్ని పేజీల మార్పిడికే వెచ్చించే స్థితి.
క్లోజ్-వెయిట్: అవతలి పక్షం ముగించినా మన ప్రోగ్రామ్ మూయని కనెక్షన్ స్థితి.

14.11 ప్రగతి ప్రశ్నలకు సమాధానాలు

1. యంత్రం, నెట్‌వర్క్ బాగున్నాయి. ఆ పోర్టు దగ్గర వినే ప్రోగ్రామ్ లేదు, లేదా ఫైర్‌వాల్ తిరస్కరిస్తోంది.
2. టైమ్ అవుట్.
3. డిస్క్‌ను గాని, నెట్‌వర్క్ మీది నిల్వను గాని. "డి" స్థితిలోని ప్రాసెస్‌లను చూడాలి.
4. ఫైర్‌వాల్ కనెక్షన్ల పట్టిక.

14.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

అ. కింది ప్రశ్నలకు ఒక్కొక్క దానికి 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కనెక్షన్ వైఫల్యంలోని నాలుగు రకాలను, వాటి కారణాలను వివరించండి.
2. సంఖ్యా పరిమితుల వల్ల సర్వర్ స్తంభించే తీరును ఉదాహరణతో చర్చించండి.

ఆ. కింది ప్రశ్నలకు ఒక్కొక్క దానికి 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పింగ్ జవాబు నుంచి ఏమి తెలుస్తుంది? ఏమి తెలియదు?
2. రీస్టార్ట్‌కు ముందు భద్రపరచవలసిన సమాచారాన్ని పేర్కొనండి.
3. 2004 నాటి లాస్ ఏంజెలెస్ సంఘటన నుంచి సర్వర్ నిర్వాహకులు నేర్చుకోవలసినది ఏమిటి?